ఇంటి నుంచి చేసే ఉద్యోగం: ఒప్పందంలో ఖర్చుల షరతులు, జబ్బు రోజుల జీతం షరతులు చదివే పద్ధతి

ఆఫర్ లెటర్ మెయిల్‌లో రాగానే ఎవరైనా ముందు సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూస్తారు, తరువాత చేరవలసిన తేదీ చూస్తారు, ఆ పైన చివరి పేజీకి వెళ్ళి సంతకం చేస్తారు. ఆఫీసుకు వెళ్ళి చేసే ఉద్యోగంలో ఈ తొందర వల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. అక్కడ కుర్చీ, కరెంటు, ఇంటర్నెట్ కంపెనీవే, ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో ఉండిపోతే సెలవు పెట్టినట్లు అందరికీ తెలుస్తుంది. ఇంటి నుంచి చేసే ఉద్యోగంలో ఈ రెండూ మారిపోతాయి. ఆఫీసు నడిపే ఖర్చులో కొంత భాగం మన ఇంటి పద్దులోకి వస్తుంది, జ్వరంతో మంచం మీద ఉన్నా ల్యాప్‌టాప్ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. అందువల్ల ఖర్చులు ఎవరు భరిస్తారు, జబ్బు చేసిన రోజులకు జీతం ఎవరు ఇస్తారు అనే రెండు క్లాజులను సంతకానికి ముందే, వరుస క్రమంలో, కాగితం పెన్ను దగ్గర పెట్టుకుని చదవాలి. విజయనగరంలోనో ఖమ్మంలోనో ఉంటూ హైదరాబాద్ కంపెనీకి, లేదా విదేశీ కంపెనీకి పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: మీరు ఉద్యోగా, కాంట్రాక్టరా తేల్చుకోండి

మిగిలిన మెట్లన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. కాగితం పైన ఏ పేరు ఉందో చూసి ఊరుకోకుండా లోపల డబ్బు ఎలా వస్తుందో చూడండి. జీతం పేరుతో పే స్లిప్ ఇస్తూ, ప్రావిడెంట్ ఫండ్ కోసి, సెలవుల లెక్క రాసి ఉంటే మీరు ఉద్యోగి. ప్రతి నెలా మీరే ఇన్వాయిస్ పంపాలని, పన్నులు మీరే చూసుకోవాలని, మీకూ కంపెనీకీ మధ్య యజమాని-ఉద్యోగి సంబంధం లేదని రాసి ఉంటే మీరు కాంట్రాక్టరు. విదేశీ కంపెనీలు కొన్ని మన దేశంలో తమకు ఆఫీసు లేకపోయినా, ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అనే మధ్యవర్తి సంస్థ ద్వారా మనల్ని ఉద్యోగులుగా తీసుకుంటాయి. అప్పుడు కాగితం మీద యజమాని ఆ భారతీయ సంస్థే కాబట్టి మన కార్మిక చట్టాలే వర్తిస్తాయి.

కాంట్రాక్టరుకు సెలవుల చట్టం వర్తించదు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాస్తే తప్ప, జబ్బు చేసిన రోజుకు రాబడి సున్నా. ఈ మాట తెలిసినవారు కూడా ధర చెప్పేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఏడాదికి 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261 మిగులుతాయి. ఏడాదికి 9 లక్షల రాబడి కావాలనుకున్న వ్యక్తి 261తో భాగించి రోజుకు సుమారు 3,450 రూపాయలు అడుగుతాడు. అయితే ఒక ఉద్యోగికి ఉండే 10 పండుగ సెలవులు, 12 జబ్బు సెలవులు, 15 ఆర్జిత సెలవులు తీసేస్తే పని చేయగలిగేవి 224 రోజులే. అదే 9 లక్షలు రావాలంటే రోజుకు దాదాపు 4,020 రూపాయలు అడగాలి. రోజుకు వచ్చే ఈ 570 రూపాయల తేడాయే మీ జబ్బు రోజుల జీతం, పండుగ రోజుల జీతం, ఆర్జిత సెలవుల జీతం. దాన్ని ముందు అడగకపోతే తరువాత ఇచ్చేవారు ఉండరు. ఖర్చులకూ ఇదే వర్తిస్తుంది. కాంట్రాక్టరు ఒప్పందంలో ఫీజు అన్ని ఖర్చులతో కలిపి అన్న అర్థం వచ్చే మాట ఉంటే నెట్, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందాలు అన్నీ మీ జేబులోంచే పోతాయి.

రెండవ మెట్టు: ఒప్పందం ఎన్ని కాగితాల్లో ఉందో లెక్కపెట్టండి

ఒప్పందం అంటే ఆఫర్ లెటర్ ఒక్కటే కాదు. అపాయింట్‌మెంట్ లెటర్ (నియామక పత్రం), ఉద్యోగుల హ్యాండ్‌బుక్, సెలవుల పాలసీ, ప్రయాణాల పాలసీ, ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు సంతకం చేయించుకునే పత్రం, ఇవన్నీ దానిలో భాగాలే. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి కనుక, ఆఫర్ మెయిల్‌తోనే సరిపెడితే నియామక పత్రం అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఖర్చుల గురించి, సెలవుల గురించి అసలు పత్రంలో చాలాసార్లు ఒక్క వాక్యమే ఉంటుంది: ఎప్పటికప్పుడు అమలులో ఉండే కంపెనీ పాలసీ ప్రకారం అని. ఆ వాక్యానికి అర్థం, మీకు ఇప్పుడు చూపిస్తున్న సౌకర్యాన్ని కంపెనీ రేపు మార్చవచ్చు అని. పత్రంలోనే అంకెతో రాసిన హక్కుకూ పాలసీలో ఉన్న సౌకర్యానికీ ఉన్న తేడా ఇదే. అందుచేత ఆ పాలసీ ప్రతిని సంతకానికి ముందే తెప్పించుకుని, దానిపై ఉన్న తేదీ చూసి, మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. చేరిన తరువాత కంపెనీ పోర్టల్‌లో చూస్తాను అనుకుంటే, ఉద్యోగం వదిలే రోజున ముందుగా మూసుకుపోయేది ఆ పోర్టలే.

పత్రాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి కొన్ని మాటల దగ్గర ఆగడం అలవాటు చేసుకోవాలి. 'షల్' అని ఉంటే ఇచ్చి తీరాలి, 'మే' అని ఉంటే ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. 'సోల్ డిస్క్రీషన్' అంటే నిర్ణయం పూర్తిగా కంపెనీ ఇష్టం. 'ప్రయర్ రిటన్ అప్రూవల్' అంటే ఖర్చు పెట్టక ముందే మేనేజర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఫోన్‌లో సరే అన్నది చెల్లదు. నేను ఏ ఒప్పందం చదివినా ముందు ఈ నాలుగు మాటలనూ పసుపు రంగుతో గుర్తు పెట్టుకుని, తరువాతే మొదటి నుంచి చదువుతాను.

మూడవ మెట్టు: ఖర్చులను ఒక్కొక్కటిగా పత్రంతో సరిచూడండి

ఇంట్లో పనిచేసేవారి ఇంటర్నెట్, కరెంటు ఖర్చులను యజమాని భరించి తీరాలని చెప్పే ప్రత్యేక నిబంధన మన కార్మిక చట్టాల్లో లేదు. పత్రంలో రాసి ఉంటేనే అడిగే హక్కు ఉంటుంది. అందుకని ముందు మీ ఖర్చుల జాబితా మీరే రాసుకోండి: ఒక్కసారి పెట్టేవి (బల్ల, కుర్చీ, హెడ్‌సెట్, ఇన్వర్టర్), నెలనెలా అయ్యేవి (నెట్, ఫోన్, కరెంటు), అప్పుడప్పుడు వచ్చేవి (ఆఫీసుకు ప్రయాణం, ల్యాప్‌టాప్ కొరియర్, మరమ్మతు). ప్రతి దాని ఎదురుగా పత్రంలో ఉన్న క్లాజు సంఖ్య వేయండి. సంఖ్య పడని ఖర్చు మీదే అని అర్థం.

క్లాజు ఉన్నచోట ఆ డబ్బు ఏ రూపంలో వస్తుందో చూడాలి. అలవెన్స్ అయితే బిల్లు అక్కరలేదు, నెలనెలా నిర్ణీత మొత్తం వస్తుంది, కానీ సాధారణంగా అది జీతంతో కలిసి పన్నుకు లోబడుతుంది. రీయింబర్స్‌మెంట్ అయితే ముందు మీరు ఖర్చు పెట్టి, బిల్లు చూపించి తిరిగి తీసుకోవాలి. ఉద్యోగి ఫోన్ బిల్లును కంపెనీ భరిస్తే, కంపెనీ ల్యాప్‌టాప్‌ను ఉద్యోగి వాడుకుంటే, ఆ సౌకర్యాలకు ఆదాయపు పన్ను నియమాల్లో విలువ కట్టరు. మూడవ రూపం, వస్తువును కంపెనీయే కొని పంపడం. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అది పాడైతే బాగుచేయించే బాధ్యత కూడా కంపెనీ మీదే ఉంటుంది.

ఇక్కడ సీటీసీ లోపలా, బయటా అన్న ప్రశ్న తప్పకుండా అడగాలి. నెలకు 2,000 రూపాయల ఇంటర్నెట్ రీయింబర్స్‌మెంట్ అని గొప్పగా చెప్పి, ఆ 24,000 రూపాయలను ఏడాది సీటీసీలోనే కలిపి ఉంటే, కంపెనీ మీకు ఇస్తున్నది మీ డబ్బే. పైగా బిల్లులు ఇవ్వడం మరిచిపోతే ఆ మొత్తం ఏడాది చివర పన్ను కోసి ఇస్తారా, లేక రద్దవుతుందా అన్నది కూడా పాలసీలో వెతకాలి. పని స్వభావం వల్ల కలిగే ప్రత్యేక ఖర్చులకు ఇచ్చే సొమ్మును, ఆ కార్మిక కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ వేతనంగా (అంటే ప్రావిడెంట్ ఫండ్ వంటివి లెక్కగట్టే మొత్తంగా) లెక్కించదు. అయితే ఇలా మినహాయించిన భాగాలన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంగానే లెక్కిస్తారు. జీతాన్ని రకరకాల అలవెన్సులుగా ముక్కలు చేసిన పత్రం మీ చేతికి వస్తే ఈ సగం లెక్క ఒకసారి వేసి చూడండి.

కరెంటు విషయం చిన్నదిగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్, మానిటర్, ఫ్యాన్ కలిపి 160 వాట్లు అనుకుంటే, రోజుకు 9 గంటల చొప్పున 22 రోజులకు 32 యూనిట్లు అవుతుంది. కానీ ఈ 32 యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా చేరతాయి కాబట్టి వాటికి పడేది పై శ్లాబు ధర. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పొందే కుటుంబానికి, ఇంట్లో ఒకరు పగలంతా కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల వాడకం ఆ గీత దాటితే, ఆ నెల జీరో బిల్లు చేజారుతుంది. వేసవిలో ఏసీ కూడా నడిస్తే చెప్పనక్కరలేదు. ఈ లెక్క ఏ పాలసీలోనూ ఉండదు, జీతం మాట్లాడేటప్పుడు మీ మనసులో ఉండాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయే చోటు ప్రయాణం. దానికి తాళంచెవి 'బేస్ లొకేషన్' (పత్రం ప్రకారం మీరు పనిచేసే ఊరు) అనే మాట దగ్గర ఉంటుంది. మీరు విశాఖపట్నంలో ఇంట్లో కూర్చుని పనిచేస్తున్నా పత్రంలో బేస్ లొకేషన్ హైదరాబాద్ అని ఉంటే, మూడు నెలలకొకసారి సమావేశానికి పిలిచినప్పుడు మీరు వెళ్ళేది మీ ఆఫీసుకే, ఆ ఛార్జీలు మీవే. అదే మీ ఇంటి ఊరు బేస్ లొకేషన్‌గా ఉంటే హైదరాబాద్ వెళ్ళడం అధికారిక పర్యటన అవుతుంది, ప్రయాణాల పాలసీ మొత్తం వర్తిస్తుంది. రైలు, బస, భోజనం కలిపి ఒక్కోసారి 8,000 రూపాయలు అనుకున్నా ఏడాదికి నాలుగు ప్రయాణాలకు 32,000 రూపాయలు, ఒక్క పదం మీద ఆధారపడి అటో ఇటో అవుతాయి. ఈ క్లాజు పక్కనే, కంపెనీ కోరితే ఎన్ని రోజుల నోటీసుతో ఆఫీసుకు శాశ్వతంగా తిరిగి రావాలో కూడా రాసి ఉంటుంది. అప్పుడు ఇల్లు మారే ఖర్చు ఎవరిదో అక్కడే అడిగి రాయించుకోండి.

క్లెయిమ్ గడువు కూడా గమనించండి. చాలా పాలసీల్లో ఖర్చు పెట్టిన తేదీ నుంచి 30 రోజుల్లోనో, నెలాఖరు లోపలో బిల్లు ఎక్కించాలని ఉంటుంది. నెట్ కనెక్షన్ నాన్నగారి పేరు మీదో ఇంటి యజమాని పేరు మీదో ఉన్నవారు, ఆ బిల్లు చెల్లుతుందో లేదో ముందే మెయిల్‌లో అడగాలి. హోటల్ బిల్లులో కంపెనీ పేరు, జీఎస్టీ సంఖ్య ఉండాలని షరతు ఉంటే గది తీసుకునేటప్పుడే చెప్పాలి, గది ఖాళీ చేశాక బిల్లు మార్పించడం మన ప్రాణం మీదికి వస్తుంది.

వస్తువుల క్లాజు చివర, ల్యాప్‌టాప్ పోయినా పాడైనా పూర్తి ధర జీతంలో కోస్తామని ఒక వాక్యం ఉంటుంది. కోతకు చట్టం కొన్ని హద్దులు పెట్టింది. ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు అయి ఉండాలి, నష్టం అతని నిర్లక్ష్యం వల్లనే జరిగి ఉండాలి, కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, జరిగిన నష్టానికి మించి కోయకూడదు, ఆ వేతన కాలంలో మొత్తం కోతలు కలిపి వేతనంలో సగం దాటకూడదు. నాకు తెలిసిన ఒక అబ్బాయి ఉద్యోగం మానేసినప్పుడు, తనకు వచ్చేటప్పటికే పగిలి ఉన్న కీబోర్డు అంచుకు డబ్బు కట్టవలసి వచ్చింది, ఎందుకంటే పెట్టె తెరిచిన రోజున అతను ఫోటో తీసుకోలేదు. పెట్టె తెరుస్తూ ఒక వీడియో, తిరిగి పంపేటప్పుడు ఒక వీడియో, కొరియర్ రసీదు, ఈ మూడూ ఉంటే చాలు.

నాలుగవ మెట్టు: జబ్బు సెలవు క్లాజును చట్టంతో పోల్చండి

ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టాన్ని విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కొనసాగించాయి. దాని ప్రకారం ఉద్యోగికి ప్రతి పన్నెండు నెలల సర్వీసుకు జబ్బు లేదా ప్రమాదం కారణంగా 12 రోజుల వరకు, సహేతుకమైన ఇతర కారణాలకు మరో 12 రోజుల వరకు వేతనంతో కూడిన సెలవు ఉంటుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి వచ్చే 15 రోజుల ఆర్జిత సెలవు దీనికి అదనం. కొన్ని కంపెనీలు అన్ని రకాల సెలవులనూ కలిపి పెయిడ్ టైమ్ ఆఫ్ పేరుతో 18 లేదా 20 రోజులు ఇస్తామంటాయి. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది కానీ, చట్టంలోని 12, 12, 15 కలిపితే 39 అవుతుందని గుర్తుంచుకుని పోల్చండి. మొదటి ఆరు నెలల ప్రొబేషన్‌లో జబ్బు సెలవు లేదనే షరతును కూడా ఇదే చూపుతో చూడాలి, ఎందుకంటే చట్టం మొదటి పన్నెండు నెలలకు కూడా ఆ సెలవు ఇస్తోంది. కంపెనీ బెంగళూరుదో పుణెదో అయితే అక్కడి రాష్ట్ర చట్టంలో అంకెలు వేరుగా ఉంటాయి కనుక, మీకు ఏ రాష్ట్రపు సెలవుల నియమాలు వర్తింపజేస్తున్నారో సూటిగా అడగండి.

రోజుల సంఖ్య తేలాక వివరాల్లోకి వెళ్ళాలి. ఎన్ని రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫోన్‌లో చూసిన డాక్టర్ ఇచ్చిన చీటీ చెల్లుతుందా, శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్య శని, ఆదివారాలను కూడా కోస్తారా, మిగిలిన రోజులు వచ్చే ఏడాదికి చేరతాయా అన్నవి ముఖ్యం. అమెరికా వేళల్లో పనిచేసేవారు సమాచారం ఇవ్వవలసిన గడువును ప్రత్యేకంగా చూసుకోవాలి. షిఫ్ట్ మొదలయ్యే నాలుగు గంటల ముందు చెప్పాలని ఉంటే, సాయంత్రం ఆరున్నర షిఫ్ట్‌కు మధ్యాహ్నం రెండున్నరకే చెప్పాలి, ఆ వేళకు జ్వరం వస్తుందో రాదో ఎవరికి తెలుసు?

సెలవులు అయిపోయాక లాస్ ఆఫ్ పే, అంటే రాని రోజులకు జీతం కోసే లెక్క మొదలవుతుంది. అందులో భాగించే అంకె చూడండి. నెలకు 45,000 రూపాయల జీతం ఉన్నవారికి మూడు రోజులు కోసేటప్పుడు 30తో భాగిస్తే 4,500 రూపాయలు పోతాయి, పని దినాలైన 22తో భాగిస్తే 6,136 రూపాయలు పోతాయి. అలాగే సెలవు రోజుకు ఇచ్చేది పూర్తి జీతమా, బేసిక్ మాత్రమేనా అన్నది కూడా ఒక్క మాటలో తేలిపోతుంది.

ఇంటి నుంచి పనిచేసేవారికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. 'ఇంట్లోనే ఉన్నారు కదా, ఆ ఒక్క మెయిల్ చూసి పడుకోండి' అంటారు. జబ్బు సెలవు రోజున లాగిన్ అయి గంట పనిచేస్తే ఆ రోజు సెలవుగా పోతుందా, పూటగా లెక్కిస్తారా, పనిదినంగా తీసుకుంటారా అన్నది పాలసీలో లేకపోతే రాయించుకోండి. రాసి లేని చోట సెలవు రోజున లాగిన్ కాకపోవడమే మంచిది.

ఐదవ మెట్టు: ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తిస్తుందేమో చూడండి

నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి, వైకల్యం ఉన్నవారికైతే 25,000 రూపాయల లోపు, సంస్థ ఈఎస్ఐ పరిధిలో ఉంటే జబ్బు కాలపు నగదు సాయం ఈఎస్ఐ నుంచి వస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 రూపాయల జీతానికి మీ వాటా 135 రూపాయలు, కంపెనీది 585 రూపాయలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉన్న ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, దాని ఫలం తరువాతి జనవరి నుంచి జూన్ వరకు అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి ఫలం జూలై నుంచి డిసెంబరు వరకు. సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తారు, కానీ జబ్బు పడిన మొదటి రెండు రోజులకు సాధారణంగా ఇవ్వరు. రోజుకు 600 రూపాయల వేతనం ఉన్నవారు పది రోజులు మంచాన పడితే, ఎనిమిది రోజులకు 420 చొప్పున 3,360 రూపాయలు వస్తాయన్నమాట. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక వ్యాధులకు ఇంతకన్నా ఎక్కువ కాలం, 80 శాతం చొప్పున ఇచ్చే సదుపాయం వేరే ఉంది.

ఇక్కడ ఊరి విషయం మరిచిపోకూడదు. కంపెనీ హైదరాబాద్‌లో నమోదు చేయించేటప్పుడు మీరు చూపించుకోవలసిన ఈఎస్ఐ డిస్పెన్సరీ కూడా అక్కడిదే వేసేస్తుంది. శ్రీకాకుళంలో ఉన్న మనిషి సర్టిఫికెట్ కోసం హైదరాబాద్‌లోని సనత్‌నగర్ వైపు పరుగెత్తలేడు కదా. నమోదు సమయంలోనే మీరు ఉండే ఊరికి దగ్గరి డిస్పెన్సరీ వేయమని అడగండి. జీతం మధ్యలో పెరిగి పరిమితి దాటినా, ఆ ఆరు నెలల చందా కాలం ముగిసేవరకు చందా కొనసాగుతుంది.

పరిమితి దాటిన జీతం వారికి కంపెనీలు గ్రూపు ఆరోగ్య బీమా ఇస్తాయి. అది ఆసుపత్రి బిల్లు కడుతుందే తప్ప పని చేయలేని రోజుల జీతం ఇవ్వదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు చాలామంది. నెల రోజుల విశ్రాంతి అవసరమైన ఆపరేషన్ జరిగితే బిల్లు బీమా కంపెనీ కడుతుంది, జీతం మాత్రం 12 రోజుల తరువాత ఇతర సెలవుల మీద, అవీ అయిపోతే లాస్ ఆఫ్ పే మీద పడుతుంది. గర్భం, ప్రసవం, గర్భస్రావం వల్ల వచ్చే అనారోగ్యానికి, ప్రసూతి సెలవుకు అదనంగా నెల రోజుల వరకు వేతనంతో సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది. పాలసీలో ఆ వాక్యం లేకపోయినా హక్కు ఉంటుంది.

ఆరవ మెట్టు: సందేహాలను మెయిల్‌లోనే అడగండి

హెచ్‌ఆర్ వారు ఫోన్‌లో ఎంతో స్నేహంగా అన్నీ ఉంటాయండి అంటారు, అందులో అబద్ధం ఉండనక్కరలేదు, కానీ ఆరు నెలల తరువాత ఆ వ్యక్తే అక్కడ ఉండకపోవచ్చు. చేరే తేదీకి వారం ముందు, మర్యాదగా, ఐదారు ప్రశ్నలకు మించకుండా రాయండి:

"నమస్కారమండీ. పత్రం చదివాను, చేరడానికి సిద్ధంగా ఉన్నాను. సంతకానికి ముందు కొన్ని విషయాలు స్పష్టం చేయగలరు. నా బేస్ లొకేషన్ మా ఊరు విజయనగరంగా నమోదవుతుందా? ఇంటర్నెట్ రీయింబర్స్‌మెంట్ సీటీసీలో భాగమా, దానికి అదనమా? బిల్లు మా నాన్నగారి పేరు మీద ఉంటే అంగీకరిస్తారా? జబ్బు సెలవులు ఏడాదికి ఎన్ని, ప్రొబేషన్‌లో వర్తిస్తాయా? లాస్ ఆఫ్ పే ఏ అంకెతో భాగించి లెక్కిస్తారు? ప్రస్తుత సెలవుల పాలసీ, ప్రయాణాల పాలసీ ప్రతులు పంపగలరు."

జవాబు ఫోన్‌లో వస్తే, విన్నది రాసి, మీరు ఇలా చెప్పారని అర్థమైంది, తప్పుంటే సరిచేయగలరు అని అదే రోజు మెయిల్ పంపండి. తిరిగి జవాబు రాకపోయినా, ఆ మాట జరిగిందనడానికి ఒక తేదీ ఉన్న సాక్ష్యం మిగులుతుంది.

చేరిన తరువాత ప్రతి నెలా పే స్లిప్, సెలవుల నిల్వ చూపే తెర ఫోటో, పెండింగ్ క్లెయిమ్‌ల జాబితా ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి. సెలవు లేదా జీతం కోతలో తేడా వచ్చి కంపెనీలో మెయిల్ ద్వారా తేలకపోతే రాష్ట్ర కార్మిక శాఖ స్థానిక అధికారిని, ఈఎస్ఐ సొమ్ము విషయమైతే దాని బ్రాంచి ఆఫీసును ఆ కాగితాలతో కలవవచ్చు. ఉద్యోగం వదిలేటప్పుడు మాత్రం ఒక వరుస పాటించండి: రాజీనామా ఇచ్చిన వారంలోనే పాత బిల్లులన్నీ ఎక్కించేయండి, ఎందుకంటే చివరి రోజున లాగిన్ ఆగిపోతే క్లెయిమ్ పెట్టే దారే ఉండదు. వేతన బకాయిలను వదిలిన తరువాత రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఆ గడువు లెక్క మొదలయ్యే తేదీ రిలీవింగ్ లెటర్‌లో సరిగా పడిందో లేదో, ల్యాప్‌టాప్ కొరియర్‌కు ఇచ్చే ముందే చూసుకోండి.